ఎనిమిదవ హెన్రీ – ఆరుగురు భార్యలు – మనకు పాఠము

చదువుకొనవలసిన వాక్యభాగము: మలాకీ 2:13-16

 

నంద్యాల ప్రాంతం నుండి ఒక సహోదరి ఉత్తరం రాసి ఒక ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, మా పొరుగువారు నన్ను ఎగతాళి చేస్తున్నారు. మీ సంఘాన్ని పెట్టింది దేవుడు కాదట, పెండ్లాన్ని వదిలేయడానికి మతం మార్చుకున్న ఇంగ్లండు రాజట. ఇది నిజమేనా? నేనేమని జవాబు చెప్పాలి?" అని ఆమె ప్రశ్న.

ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. మన నిరీక్షణను గూర్చి హేతువు అడిగే ప్రతివానికి సాత్వికముతో జవాబు చెప్పడానికి సిద్ధముగా ఉండాలని పేతురు భక్తుడు మనకు నేర్పాడు (1 పేతురు 3:15). కాబట్టి ఆ రాజు ఎవరు, ఆయన ఇంట్లో ఏమి జరిగింది, దానికీ మన కర్నూలు, కడప సీమలోని సంఘాలకూ ఉన్న సంబంధమేమిటి అన్నవి ఈ రోజు వరుసగా చూద్దాం. ఆ తర్వాత ఇంకో ప్రశ్న మిగులుతుంది. అది పొరుగువారు మనల్ని అడిగేది కాదు, దేవుడు మన ఇంటిని అడిగే ప్రశ్న.

1. అన్న భార్యను పెండ్లాడిన తమ్ముడు

హెన్రీ 1491లో పుట్టాడు. ఆయన రెండవ కుమారుడు. సింహాసనం అన్నయైన ఆర్థరుది. 1501లో ఆర్థరుకు స్పెయిను రాజకుమార్తె కేథరిన్‌తో పెండ్లి జరిగింది. ఐదు నెలలకే ఆర్థరు చనిపోయాడు. రెండు రాజ్యాల పొత్తు చెడిపోకూడదని పెద్దలు ఆ విధవరాలిని తమ్ముడికి ఇవ్వాలనుకున్నారు. అన్న భార్యను పెండ్లాడడం సంఘ నియమానికి విరోధం గనుక పోపు రెండవ జూలియస్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చాడు. 1509లో హెన్రీ పదిహేడేండ్ల వయసులో రాజై, కొద్ది వారాలకే కేథరిన్‌ను వివాహమాడాడు.

ఆమె భక్తిపరురాలు, తెలివిగలది. 1513లో రాజు ఫ్రాన్సు మీదికి యుద్ధానికి పోయినప్పుడు రాజ్యభారం ఆమె చేతిలోనే పెట్టాడు. ఆ సమయంలోనే స్కాట్లండు సైన్యం ఓడిపోయింది. ఆమె పలుమార్లు గర్భం ధరించింది. 1511లో మగబిడ్డ పుడితే దేశమంతా పండుగ చేసుకుంది, ఏడు వారాలకే ఆ బిడ్డ చనిపోయాడు. చివరికి బ్రతికి నిలిచినది 1516లో పుట్టిన మేరీ అనే ఆడపిల్ల ఒక్కతే.

హెన్రీ ఆనాడు పోపుకు గొప్ప భక్తుడు. 1521లో లూథరు బోధలను ఖండిస్తూ గ్రంథం రాస్తే, పోపు పదవ లియో ఆయనకు "విశ్వాస సంరక్షకుడు" అనే బిరుదిచ్చాడు. ఆ బిరుదుకు గుర్తుగా రెండు అక్షరాలు నేటికీ ఇంగ్లండు నాణెములపై ఉన్నాయి.

2. వాక్యాన్ని వెదికాడు, ఎందుకోసం?

1527 నాటికి రాణికి నలభై ఏండ్లు దాటాయి. ఇక బిడ్డలు కలుగరని తేలిపోయింది. రాజు మనసు రాణి చెలికత్తెలలో ఒకతెయైన ఆన్ బోలిన్ మీదికి పోయింది. అప్పుడు ఆయన బైబిలు తెరిచాడు. సహోదరుని భార్యను పెండ్లాడినవారు సంతానహీనులౌతారని చెప్పే లేవీయకాండము 20:21ని పట్టుకున్నాడు. నాకు మగబిడ్డ లేకపోవడానికి కారణం ఈ శాపమే, కాబట్టి ఈ పెండ్లి మొదటినుండీ చెల్లదు అని వాదించాడు.

ప్రియులారా, ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. అదే మోషే ధర్మశాస్త్రంలో ద్వితీయోపదేశకాండము 25:5లో, అన్న సంతానం లేకుండా చనిపోతే తమ్ముడు ఆ విధవరాలిని చేర్చుకోవాలని ఉంది. ఆ వచనం రాజుకు అక్కరకు రాలేదు. పైగా ఆయనకు కూతురు ఉంది, సంతానహీనుడెలా అవుతాడు? ఆర్థరుతో తాను కాపురం చేయలేదని కేథరిన్ కడవరకూ ప్రమాణపూర్వకంగా చెప్పింది. రాజుకు కావలసింది దేవుని చిత్తం కాదు, తన చిత్తానికి దేవుని సంతకం. వాక్యం ముందు మనం కూర్చోవడం వేరు, వాక్యాన్ని మన ముందు కూర్చోబెట్టుకోవడం వేరు.

పోపు ఏడవ క్లెమెంట్ ఎటూ తేల్చలేకపోయాడు. 1527లో చక్రవర్తి ఐదవ చార్లెస్ సైనికులు రోమా పట్టణాన్ని దోచుకున్నారు. ఆ చార్లెస్ స్వయానా కేథరిన్ అక్క కొడుకు. 1529లో లండనులో విచారణ సభ జరిగినప్పుడు రాణి అందరి ముందు రాజు పాదాల దగ్గర మోకరించి, ఇరవై ఏండ్లుగా నీకు నమ్మకమైన భార్యగా ఉన్నాను, నేను చేసిన తప్పేమిటి అని అడిగి, లేచి వెళ్లిపోయింది. పిలిచినా తిరిగి రాలేదు. ఆ ప్రశ్నకు రాజు దగ్గర జవాబు లేదు.

1533 జనవరిలో రాజు రహస్యంగా ఆన్ బోలిన్‌ను పెండ్లాడాడు. ఆ ఏడు మే నెలలో కొత్త ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మర్ మొదటి పెండ్లి చెల్లదని తీర్పిచ్చాడు. 1534లో ఇంగ్లండు సంఘానికి భూమిమీద శిరస్సు రాజే అని పార్లమెంటు శాసనం చేసింది. ఒప్పుకోని బిషప్ జాన్ ఫిషర్‌కూ, రాజుకు ఒకప్పుడు ప్రధానమంత్రి వంటివాడైన థామస్ మోర్‌కూ 1535లో తలలు తీశారు. కేథరిన్ 1536 జనవరిలో రాజభవనాలకు దూరంగా, కన్నకూతురి ముఖం కూడా చూడనియ్యకుండా ఉంచిన స్థితిలో కన్నుమూసింది.

3. మిగిలిన ఐదుగురు

ఆన్ బోలిన్‌కు 1533 సెప్టెంబరులో బిడ్డ కలిగింది. ఆడపిల్ల, పేరు ఎలిజబెత్. తర్వాత మగబిడ్డ నిలువలేదు. 1536 మే నెలలో ఆమెపై వ్యభిచార నేరం మోపారు. సొంత సహోదరునితో కలిపి ఐదుగురు పురుషులకు మరణశిక్ష వేశారు. ఆ నేరాలు కల్పితాలేనని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. చనిపోయే రెండు రోజుల ముందు ఆమె పెండ్లి కూడా చెల్లదని ప్రకటించారు. భార్యే కాకపోతే వ్యభిచారమెలా అవుతుందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మే 19న ఆమె తల నరికించారు. మరునాడే రాజు ఇంకొక పెండ్లికి నిశ్చయతాంబూలం పుచ్చుకున్నాడు.

మూడవ భార్య జేన్ సీమోర్. 1537 అక్టోబరు 12న ఆమె కుమారుని కన్నది. పేరు ఎడ్వర్డ్. దేశమంతా గంటలు మ్రోగాయి. పన్నెండు రోజులకు ఆ తల్లి చనిపోయింది. ఇరవై ఎనిమిదేండ్లుగా రాజు ఎదురుచూసిన మగబిడ్డ తల్లిలేని బిడ్డ అయ్యాడు.

నాలుగవ భార్య జర్మనీ దేశంలోని క్లీవ్స్ నుండి వచ్చిన ఆన్. చిత్రపటం చూసి ఒప్పుకొని, ముఖాముఖి చూసి నచ్చలేదన్నాడు. 1540 జనవరిలో పెండ్లి, జూలైలో రద్దు. ఆమె ఎదురాడక ఒప్పుకుంది గనుక ఇల్లు, ఆస్తి ఇచ్చి "సహోదరి" అని పిలిచారు. ఈ సంబంధం కుదిర్చిన మంత్రి థామస్ క్రాంవెల్‌కు అదే జూలైలో తల పోయింది. ఆయన చనిపోయిన రోజే రాజు ఐదవ పెండ్లి చేసుకున్నాడు.

ఐదవ భార్య కేథరిన్ హోవర్డ్, ఆన్ బోలిన్‌కు బంధువు. రాజుకు నలభై తొమ్మిదేండ్లు, స్థూలకాయం, కాలికి మానని పుండు. ఆమె చాలా చిన్న వయసు పిల్ల. పెండ్లికి ముందు జరిగిన సంగతులు బయటపెట్టి, పెండ్లి తర్వాత కూడా తప్పు చేసిందని 1542 ఫిబ్రవరిలో ఆమె తలనూ తీయించాడు. పలువురు స్త్రీలతో తిరిగిన రాజును మాత్రం ఎవరూ విచారణకు పిలువలేదు.

ఆరవ భార్య కేథరిన్ పార్. రెండుసార్లు విధవరాలైన స్త్రీ. 1543లో రాజు ఆమెను పెండ్లాడాడు. ఆమె వాక్యాన్ని ప్రేమించినది. 1545లో ఒక ప్రార్థనల పుస్తకాన్ని అచ్చువేయించింది. ఇంగ్లీషులో తన పేరుతో పుస్తకం అచ్చువేయించిన మొదటి స్త్రీగా ఆమెను చెబుతారు. ముగ్గురు తల్లులకు పుట్టిన మేరీ, ఎలిజబెత్, ఎడ్వర్డులను ఒక్కచోటికి చేర్చి ఆదరించింది. 1546లో శత్రువులు ఆమెను మతద్రోహి అని పట్టించబోతే, సంగతి ముందే తెలిసి రాజు ఎదుట తగ్గించుకొని మాట్లాడి ప్రాణం దక్కించుకుంది. 1547 జనవరి 28న హెన్రీ చనిపోయాడు. ఆమె ఆ తర్వాత వేరొకరిని పెండ్లాడి, 1548లో ఆడబిడ్డను కని బాలింతగానే మరణించింది.

4. మన సంఘాన్ని ఈయనే స్థాపించాడా?

ఇప్పుడు సహోదరి ప్రశ్నకు వద్దాం. దీనికి ఉన్నదున్నట్లు మూడు మాటలు చెప్పాలి.

మొదటిది, పోపుతో ఇంగ్లండు తెగిపోవడానికి రాజు పెండ్లి గొడవ కారణమైంది. ఇది నిజం. దీన్ని దాచనక్కరలేదు. ఆయన మఠములను మూయించి వాటి ఆస్తులు పట్టుకున్నాడు. దాన్ని కూడా భక్తి అని మనం పిలువకూడదు.

రెండవది, హెన్రీ సంఘ సంస్కర్త కాడు. పోపు అధికారాన్ని తీసేసి ఆ కుర్చీలో తాను కూర్చున్నాడు, బోధను చాలావరకు అలాగే ఉంచాడు. 1540 జూలై 30న లండనులో ఒకే రోజున ముగ్గురు సువార్త బోధకులను కాల్చి చంపించాడు, పోపు పక్షాన నిలిచిన ముగ్గురిని ఉరితీయించాడు. బైబిలును ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్ 1530లోనే రాజు విడాకులను తప్పుపట్టాడు. 1536లో ఆయనను బ్రస్సెల్స్ దగ్గర చంపినప్పుడు, రాజు కన్నులు తెరువుమని దేవునికి ప్రార్థిస్తూ చనిపోయాడని చెబుతారు. మూడేండ్లకే, టిండేల్ అనువాదం చాలావరకు కలిసిన పెద్ద బైబిలు రాజాజ్ఞతోనే ఇంగ్లండు గుడులలోకి వచ్చింది. రాజు మారలేదు గాని వాక్యానికి తలుపు తెరవబడింది. యోసేపు అన్నలు కీడు తలపెడితే దేవుడు దాన్ని మేలుకు త్రిప్పాడు (ఆదికాండము 50:20). అన్నల పాపం పాపం కాకపోలేదు, దేవుని కార్యం ఆగిపోలేదు.

మూడవది, మన ప్రాంతానికి సువార్త ఎలా వచ్చిందో చూడండి. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాలలలో పనిచేసిన ఎస్.పి.జి. మిషను ఇంగ్లండు సంఘం నుండి 1701లో పుట్టినది. కడపలో 1822లో పని మొదలుపెట్టిన లండన్ మిషను, జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి నడిపిన ఆ మిషను, ఎక్కువగా స్వతంత్ర సంఘాల వారిది. వారి పితరులు, సంఘానికి శిరస్సు క్రీస్తే గాని రాజు కాదని చెప్పి శ్రమపడినవారు. కర్నూలులో అమెరికను మిషను ద్వారా వచ్చిన బాప్టిస్టు సంఘాల మూలం కూడా అలాంటివారిలోనే ఉంది. 1612లో థామస్ హెల్విస్ అనే బాప్టిస్టు కాపరి, రాజు కూడా చనిపోయే మనిషే, ప్రజల ఆత్మల మీద ఆయనకు అధికారం లేదని సాక్షాత్తు రాజుకే రాసి చెరసాల పాలయ్యాడు.

అంటే హెన్రీ చేసిన పనిని ఒప్పుకున్నవారి పిల్లలూ, ఎదిరించినవారి పిల్లలూ ఇద్దరూ ఓడలెక్కి ఈ కరువు సీమకు వచ్చారు. నల్లరేగడి చేలలో, మాలపల్లెలో, మాదిగపల్లెలో యేసు నామాన్ని చెప్పారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఇలా చీలినవారు మరల ఒక్కటయ్యారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలలో అధిక భాగం ఆ రోజు చేరక, చాలా ఏండ్ల తర్వాత చేరాయి. నాలుగు వందల ఏండ్ల కిందట ఒక రాజభవనంలో పడిన బీట మన ఊరి గుడి గోడ వరకు వచ్చింది. దాన్ని పూడ్చినది క్రీస్తు ప్రేమ.

కాబట్టి సహోదరీ, నీ జవాబు ఇది: "వేయబడిన పునాది యేసుక్రీస్తే, మరొకటి లేదు (1 కొరింథీ 3:11). రాజు పాపాన్ని మేము సమర్థించము." ఇంకొక మాట. దీన్ని మన కతోలిక సహోదరుల మీద కోపంతో చెప్పవద్దు. ఆ కథలో మనస్సాక్షి కోసం తలనిచ్చిన ఫిషర్, మోర్ వారి పక్షంవారే. అన్యాయానికి గురైన కేథరిన్ రాణి కూడా వారి పక్షంలోనిదే.

5. దేవుడు మన ఇంటిని అడిగే ప్రశ్న

పొరుగువారికి జవాబు అయింది. ఇప్పుడు మనల్ని మనం చూసుకుందాం. ఆ రాజు ఇంటిని తగలబెట్టిన నిప్పు ఏది? మగబిడ్డ కావాలి, పుట్టకపోతే తప్పు భార్యదే అన్న మాట.

ఈ మాట మన సీమలో వినబడదా? రెండో ఆడపిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రి వసారాలోనే ముఖం మాడ్చుకునే అత్తలు లేరా? "మా వంశం నిలబెట్టలేదు" అని కోడలిని పుట్టింటికి తరిమినవారు, కొడుక్కి రెండో పెండ్లి చేస్తామని బెదిరించినవారు మన సంఘాలలో లేరని గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పగలమా? ఆదివారం బల్లలో చెయ్యి వేసి, సోమవారం భార్యను గొడ్రాలని తిట్టే నోరు దేవుని స్తుతించగలదా?

బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి నుండి వచ్చే బీజకణాన్ని బట్టి. ఇది వైద్యశాస్త్రం నేడు స్పష్టంగా చెప్పే మాట. తల్లికి అందులో పాత్ర లేదు. ఐదువందల ఏండ్ల కిందట హెన్రీకి ఇది తెలియదు. మనకు తెలుసు. తెలిసి కూడా కోడలిని నిందిస్తే మన తీర్పు ఆయన తీర్పుకంటె కఠినంగా ఉంటుంది. గర్భంలోని బిడ్డ ఆడో మగో పరీక్ష చేయించడం 1994 చట్టం ప్రకారం నేరం. భార్య బ్రతికుండగా, చట్టప్రకారం విడాకులు లేకుండా మరొకతెను పెండ్లాడడమూ శిక్షకు తగిన నేరమే. చట్టానికి భయపడి మానడం కాదు, దేవునికి భయపడి మానాలి.

ఆ రాజు ఆశ ఏమైందో కూడా చూడండి. ఇంతమంది కన్నీళ్లమీద పుట్టిన ఎడ్వర్డ్ తొమ్మిదేండ్లకు రాజై, 1553లో పదిహేనేండ్లకే చనిపోయాడు. తర్వాత మేరీ ఏలింది. తల్లికి జరిగిన అన్యాయం ఆమె మనసులో చేదు వేరైంది. ఆమె ఏలిన ఐదేండ్లలో సుమారు 280 మంది ప్రొటెస్టంటు విశ్వాసులు కాల్చబడ్డారు. తల్లి పెండ్లిని రద్దుచేసిన క్రాన్మరు కూడా 1556లో ఆ మంటలకే ఆహుతి అయ్యాడు. తండ్రి ఇంట్లో విత్తినది బిడ్డల తరంలో పంటకొచ్చింది (గలతీ 6:7). చివరికి 1558 నుండి 1603 వరకు నలభై నాలుగేండ్లు రాజ్యాన్ని నిలబెట్టినది ఎవరు? పుట్టినప్పుడు తండ్రి పెదవి విరిచిన ఆ ఆడపిల్ల, ఎలిజబెత్.

సెలోపెహాదు కుమార్తెలను జ్ఞాపకం చేసుకోండి. తండ్రికి కొడుకులు లేరని మా స్వాస్థ్యం పోవాలా అని వారు అడిగితే, వారు చెప్పినది యుక్తమే అని యెహోవా మోషేతో సెలవిచ్చాడు (సంఖ్యాకాండము 27:1-7). మన దేశంలో 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా తండ్రి చనిపోతే క్రైస్తవ ఇంటిలో కొడుకుకూ కూతురికీ సమాన భాగమే. కట్నమిచ్చేశాం కదా అని చెల్లెలితో సంతకం పెట్టించుకున్న అన్నలు ఈ వాక్యాన్ని మరల చదవాలి.

హన్నా భర్త ఎల్కానాను చూడండి. బిడ్డలు లేక ఏడ్చే భార్యను ఆయన నిందించలేదు. పదిమంది కుమారులకంటె నేను నీకు మేలు కానా అని ఓదార్చాడు (1 సమూయేలు 1:8). అతనికి ఇద్దరు భార్యలుండడం ఆ ఇంట్లో ఎంత ఏడ్పు తెచ్చిందో కూడా వాక్యం దాచలేదు. రాజు అనేక స్త్రీలను వివాహము చేసుకొనకూడదని మోషే ముందే హెచ్చరించాడు (ద్వితీయోపదేశకాండము 17:17). దావీదు, సొలొమోను వినలేదు. హెన్రీ వినలేదు. మనమైనా విందామా?

6. క్రాన్మరు మిగిల్చిన ప్రమాణము

చివరిగా ఒక సంగతి. హెన్రీ పెండ్లిళ్లను రద్దుచేయడంలో చెయ్యి ఉన్న క్రాన్మరే, ఆ రాజు చనిపోయిన తర్వాత 1549లో ఇంగ్లీషు ప్రార్థన పుస్తకాన్ని సిద్ధపరిచాడు. అందులోని వివాహ క్రమంలో, పెండ్లి బిడ్డల కోసమే కాదు, భార్యాభర్తలు ఒకరికొకరు తోడుగా, సహాయంగా, ఆదరణగా ఉండడానికి కూడా అని స్పష్టంగా చేర్చాడు. ఆ క్రమమే తెలుగులోనికి వచ్చి మన గుడులలో నేటికీ వినబడుతుంది. సుఖంలో, కష్టంలో, ఉన్నప్పుడు, లేనప్పుడు, ఒంట్లో బాగున్నా బాగాలేకున్నా విడువనని మీరు బలిపీఠం ముందు చెప్పిన మాట అదే. అందులో "మగబిడ్డ పుడితేనే" అన్న షరతు లేదు.

ఇప్పుడు పురుషులతో ఒక మాట. ఈ రాత్రి మీ భార్యతో కూర్చొని ఆ ప్రమాణాన్ని మరల చెప్పండి. పిల్లల విషయంలో ఎప్పుడైనా ఆమెను నొప్పించి ఉంటే క్షమాపణ అడగండి. భార్యను సన్మానించనివాని ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని పేతురు రాశాడు (1 పేతురు 3:7). అత్తలారా, జేజిలారా, మనుమరాలు పుట్టినప్పుడు కూడా గుడికి కృతజ్ఞతార్పణ తీసుకొని రండి. సంఘ పెద్దలారా, రెండో పెండ్లి మాట ఏ ఇంట్లో వినబడినా, వారు ధనికులని, మోతుబరులని ఊరుకోవద్దు. హెన్రీ ముందు బిషప్పులందరిలో ఎదురు నిలిచినవారు బహు కొద్దిమంది. ఆ మౌనం ఎంతమంది ప్రాణాలు తీసిందో విన్నారు గదా.

నిందలు భరిస్తున్న సహోదరీ, మనుష్యులు నిన్ను గర్భఫలాన్ని బట్టి లెక్కిస్తారు. నీ ప్రభువు నిన్ను తన రక్తమిచ్చి కొన్నాడు. ఆయన సంఘమనే తన వధువును ఏ లోపాన్ని బట్టీ విడిచిపెట్టలేదు. ఆమె కొరకు తన్నుతాను అప్పగించుకున్నాడు (ఎఫెసీ 5:25). రాజు భార్యల ప్రాణాలు తీశాడు, రాజులకు రాజు తన వధువు కొరకు ప్రాణమిచ్చాడు. మన సంఘం ఎవరిదని అడిగితే, ఈయనదే అని చెప్పు.

ప్రార్థన చేద్దాం. పరిశుద్ధుడవైన మా తండ్రీ, నీ వాక్యాన్ని మా ఇష్టానికి వంచుకున్న సమయాలను క్షమించుము. మా ఇండ్లలో కన్నీరు కార్చుచున్న భార్యలను ఆదరించుము. మా కుమార్తెలను నీవిచ్చిన స్వాస్థ్యముగా చూచు కన్నులు మాకు దయచేయుము. చీలిన సంఘములను నీ కుమారునియందు ఏకము చేయుము. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.